పిల్లల సైకిల్ హెల్మెట్: తల మీద ఉంటే చాలదు, నుదురు కప్పాలి

నమస్కారం. సాయంత్రం పూట కాలనీ రోడ్డు మీద సైకిళ్లు తొక్కే పిల్లల్ని ఒకసారి గమనించండి. హెల్మెట్ ఉంటుంది, బకిల్ కూడా పెట్టే ఉంటుంది. కానీ హెల్మెట్ వెనక్కి జారిపోయి నుదురంతా బయటికి కనిపిస్తూ ఉంటుంది. హ్యాండిల్ మీదుగా ముందుకి పడ్డాడంటే నేలకి తగిలేది ఆ నుదురే. డబ్బు పెట్టి కొన్నారు, తలకి పెట్టారు, కావాల్సిన చోట మాత్రం అది లేదు. ఇవాళ హెల్మెట్ కొనడం దగ్గర్నుంచి పట్టీలు సర్దడం దాకా చూద్దాం. బండి మీద వెనక కూర్చునే పిల్లల విషయం కూడా చెప్తాను, ఎందుకంటే మనలో చాలామంది ఆ రెండు హెల్మెట్లూ ఒకటే అనుకుంటారు.

ముందు హెల్మెట్ తిరగేసి లోపల చూడండి. స్పాంజి ప్యాడ్ల వెనక గట్టి థర్మాకోల్ ఉండాలి. అసలు పని చేసేది అదే. తల నేలకి కొట్టుకున్నప్పుడు ఆ థర్మాకోల్ నలుగుతుంది. అది నలిగే కొన్ని మిల్లీసెకన్లలో తల వేగం తగ్గుతుంది కాబట్టి మెదడుకి చేరే దెబ్బ తగ్గుతుంది. బొమ్మల షాపుల్లో స్కేటింగ్ కిట్‌తో కలిపి ఇచ్చే కొన్ని హెల్మెట్లలో పైన ప్లాస్టిక్ డిప్ప, లోపల మెత్తటి స్పాంజి, అంతే. బొటనవేలితో నొక్కితే సులువుగా దిగిపోతుంది. దెబ్బ తగిలినా అలాగే దిగిపోతుంది, ఆ తర్వాత మిగిలేది ప్లాస్టిక్కే. అలాంటిది కొనకండి.

లోపల ఒక లేబుల్ ఉంటుంది. దాని మీద ఈఎన్ 1078 అని ఉంటే యూరప్ సైకిల్ హెల్మెట్ ప్రమాణం. సీపీఎస్‌సీ అని ఉంటే అమెరికాది. ఆ అమెరికా ప్రమాణంలో ఒక మంచి సంగతి ఉంది: అయిదేళ్ల లోపు పిల్లల హెల్మెట్ తలని ఇంకాస్త ఎక్కువ భాగం కప్పాలని అందులో ఉంది. బొమ్మలు, రంగులు, వెనక మెరిసే లైటు అన్నీ ఈ లేబుల్ చూశాకే.

ఇక కొలత. టైలర్ టేపు తీసుకోండి. లేకపోతే ఒక దారం చుట్టి, స్కేలు మీద పెట్టి చూడండి. కనుబొమ్మల మీద రెండు వేళ్ల ఎత్తులో మొదలుపెట్టి, చెవుల పైనుంచి, తల వెనక బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా తిప్పి ముందుకి తీసుకురండి. టేపు ఎక్కడా వంకర పోకూడదు. రెండు మూడుసార్లు కొలిచి, పెద్ద అంకె తీసుకోండి. డబ్బా మీద వయసు చూసి కొనొద్దు. ఒకే క్లాసు పిల్లల తలల్లో రెండు మూడు సెంటీమీటర్ల తేడా ఉండటం మామూలే. ఎస్, ఎం అనే అక్షరాలూ కంపెనీని బట్టి మారిపోతాయి. 48 నుంచి 52, 50 నుంచి 54 అని సెంటీమీటర్లలో ఉన్న అంకెల్నే నమ్మండి. మీ పాప తల 51 ఉందనుకోండి, ఈ రెండూ పెట్టి చూడాల్సిందే. అందుకే వీలైతే పిల్లల్ని షాపుకి తీసుకెళ్లి కొనండి.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. జూన్‌లో యూనిఫాం కుట్టించినట్టు, పెరుగుతాడు కదా అని ఒక సైజు పెద్దది తీసుకుంటారు. చొక్కా వదులుగా ఉంటే చేతులు మడుచుకోవచ్చు. హెల్మెట్ వదులైతే పడ్డ క్షణంలో తిరిగిపోతుంది, నలగాల్సిన థర్మాకోల్ పక్కకి పోయి తల బయటపడుతుంది. అసలు అయిదేళ్లు దాటాక తల చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అందుకని సరైన సైజు కొన్నా వెంటనే బిగుతైపోతుందన్న భయం అక్కర్లేదు.

మరి వెనక తిప్పే నాబ్ ఉంది కదా, దాంతో బిగిస్తే సరిపోదా అంటారు. నాబ్ తిప్పితే బిగిసేది లోపల ఉన్న సన్నటి ప్లాస్టిక్ పట్టీ మాత్రమే, థర్మాకోల్ డిప్ప చిన్నదవదు. నాబ్ చివరిదాకా తిప్పితే గానీ నిలవలేదంటే ఆ హెల్మెట్ పెద్దదని అర్థం.

షాపులో ఇలా చూడండి. నాబ్ పూర్తిగా వదులు చేసి, హెల్మెట్ నేలకి సమాంతరంగా పెట్టండి. ముందు అంచు కనుబొమ్మల మీద ఒకటి లేదా రెండు వేళ్ల ఎత్తులో ఉండాలి, అంతకంటే పైకి వద్దు. పిల్లాడు తల కదపకుండా కళ్లు మాత్రం పైకెత్తితే ఆ అంచు కనపడాలి. ఇప్పుడు నాబ్ బిగించండి. బకిల్ పెట్టకుండానే తల అటూ ఇటూ ఊపమనండి. హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం కూడా కదిలితే సరిపోయినట్టు. తల ఒక దారి, హెల్మెట్ ఒక దారి అయితే ఇంకో సైజు అడగండి. నుదుటి దగ్గర నొక్కుతూ కణతల పక్కన ఖాళీ ఉందంటే సైజు కాదు, ఆకారం కుదరలేదు. కోలగా ఉన్న తలకి గుండ్రటి హెల్మెట్ పెట్టారన్నమాట. వేరే కంపెనీది చూడాలి. పది పదిహేను నిమిషాలు పెట్టి ఉంచి, తీశాక నుదుటి మీద ఎర్రటి గుర్తు పడిందేమో చూడండి. నొప్పి పెట్టే హెల్మెట్‌ని ఏ పిల్లాడూ పెట్టుకోడు. మొండితనం అనుకుని తిట్టకముందు ఆ గుర్తు వెతకండి.

తర్వాత పట్టీలు. తొందరపడకుండా కూర్చుని చేయండి. ప్రతి చెవి దగ్గరా రెండు పట్టీలు కలిసే చోట చిన్న స్లైడర్ ఉంటుంది. అది చెవి తమ్మె కిందికి, కొద్దిగా ముందుకి రావాలి. పట్టీలు చెవి మీద పడకూడదు. రెండు వైపులా ఒకేలా సర్దాక బకిల్ పెట్టి, గడ్డం కింది పట్టీ బిగించండి. పట్టీకి, గడ్డానికి మధ్య ఒకటి లేదా రెండు వేళ్లే పట్టాలి. బకిల్ పెట్టేటప్పుడు మెడ చర్మం ఇరుక్కోకుండా మీ వేలు అడ్డం పెట్టండి. ఒక్కసారి చర్మం ఇరుక్కుందంటే ఆ పిల్ల మళ్లీ బకిల్ పెట్టనివ్వదు.

ఇప్పుడు పరీక్షలు. నోరు బాగా తెరిచి ఆవలించమనండి. హెల్మెట్ కిందికి లాగినట్టు అనిపించాలి, లేకపోతే గడ్డం పట్టీ వదులుగా ఉంది. తర్వాత ముందు అంచు కింద అరచేయి పెట్టి, పైకీ వెనక్కీ గట్టిగా తోయండి. నుదురు బయటపడిందంటే బకిల్ విప్పి, స్లైడర్ ముందుకి జరిపి ముందు పట్టీ పొట్టి చేయాలి. వెనక నుంచి ఎత్తితే కళ్ల మీదకి వస్తోందా? స్లైడర్‌ని వెనక్కి, చెవి వైపు జరిపి వెనక పట్టీ బిగించాలి. మళ్లీ బకిల్ పెట్టి మళ్లీ తోసి చూడండి. మొదటిసారికే కుదరదు, మూడు నాలుగుసార్లు పడుతుంది. కుదిరాక పట్టీ చివర వేలాడకుండా రబ్బరు రింగులోకి తోసేయండి.

జుట్టు సంగతి మర్చిపోవద్దు. నడినెత్తిన పోనీటెయిల్ వేసినా, ముడి పెట్టినా హెల్మెట్ పైకి లేచిపోతుంది. కిందికి అల్లిన జడ లేదా రెండు జడలు అయితే ఇబ్బంది లేదు. గట్టి క్లిప్పులు, హెయిర్ బ్యాండ్ తీసేయండి, లోపల టోపీ వద్దు. తిరుమల వెళ్లి గుండు చేయించుకుని వచ్చాక నిన్నటి బిగింపు పనికిరాదు, నాబ్ మళ్లీ సర్దాలి. జుట్టు పెరిగేకొద్దీ మళ్లీ వదలాలి. కొబ్బరినూనెకి, చెమటకి ప్యాడ్లు జిడ్డు పడతాయి. వాటిని ఊడదీసి సబ్బు నీళ్లలో ఉతికి నీడన ఆరబెట్టండి. డిప్ప మీద పెట్రోలు, థిన్నర్ లాంటివి వాడితే థర్మాకోల్ కరిగిపోతుంది. మే నెల ఎండలో అద్దాలు మూసిన కారులో వదిలేసినా అది పాడయ్యే అవకాశం ఉంది.

ఇక బండి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం ద్విచక్ర వాహనం మీద నాలుగేళ్లు దాటిన వాళ్లకి హెల్మెట్ తప్పనిసరి. వాళ్లకి ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 అంకె ఉన్న పిల్లల సైజు బండి హెల్మెట్ కొనాలి, సైకిల్‌ది సరిపోదు. నాన్న హెల్మెట్ తెచ్చి తలకి తగిలించడం ఇంకా తప్పు. అది వదులే కాదు, ఆ బరువు చిన్న మెడ మోయలేదు. నాలుగేళ్ల లోపు పిల్లలకి 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన నోటిఫికేషన్ వేరే నియమం పెట్టింది: నడిపే వాళ్లకి పిల్లల్ని కట్టి ఉంచే సేఫ్టీ హార్నెస్ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు, తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల వరకు తలకి సరిపోయే హెల్మెట్ పెట్టాలి. ఈ వయసు వాళ్లకి మాత్రం ఈఎన్ 1078 లాంటి ప్రమాణం ఉన్న సైకిల్ హెల్మెట్‌ని కూడా ఆ నియమం ఒప్పుకుంటుంది.

గట్టిగా ఒక్కసారి పడిందంటే హెల్మెట్ మార్చేయండి. పైన డిప్ప నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల థర్మాకోల్ మాత్రం నలిగే ఉంటుంది. నలిగింది మళ్లీ ఉబ్బదు. అందుకే ఎవరో వాడిన పాత హెల్మెట్, అది ఎన్నిసార్లు పడిందో తెలియనప్పుడు, పిల్లల తలకి పెట్టొద్దు.

సైకిల్ దిగి పార్కులోకి పరిగెత్తేటప్పుడు మాత్రం హెల్మెట్ తీయించాలి. జారుడుబల్ల, నిచ్చెన కమ్మీల మధ్య నుంచి ఒళ్లు దూరిపోయి, హెల్మెట్ పైన ఇరుక్కుని, గడ్డం పట్టీకి వేలాడి పిల్లలు చనిపోయిన ప్రమాదాలు విదేశాల్లో జరిగాయి. ఆ ప్రమాదాల వల్లే యూరప్‌లో చిన్న పిల్లలకి ఈఎన్ 1080 అనే వేరే ప్రమాణం పెట్టారు. అందులో ఆకుపచ్చ బకిల్ ఉంటుంది, బరువు పడితే దానంతటదే ఊడిపోతుంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే మామూలు బకిల్ అలా ఊడదు. అందుకని సైకిల్ స్టాండు వేయగానే బకిల్ విప్పి, హెల్మెట్‌ని హ్యాండిల్‌కి తగిలించి, ఆ తర్వాతే ఆడుకోవడానికి పంపండి.