కోపం వయసుది కాదండీ

అధ్యక్షులకి, వేదిక మీద పెద్దలకి, ముందు వరసలో మా రిటైర్డ్ మాస్టార్లకి, వెనకాల ఫ్యాన్ కింద సెటిలైపోయిన వాళ్ళకి కూడా నమస్కారం. డిసెంబర్ 17, పెన్షనర్ల దినం కాబట్టి నకారా కేసు గురించి ఎవరో ఒకరు మాట్లాడాలి, 1982లో సుప్రీంకోర్టు పెన్షన్ దయాభిక్ష కాదు హక్కు అంది, అది మీకందరికీ కంఠతా వచ్చు, వదిలేస్తున్నా.

నాకిచ్చిన టాపిక్ ఏ వయసులో ఎమోషన్స్‌ని ఎలా అదుపులో పెట్టుకుంటాం అని. రెండేళ్ళ పిల్లాడు షాపులో బొమ్మ కొనలేదని నేల మీద దొర్లితే నవ్వుకుంటాం. పద్నాలుగేళ్ళవాడు ధడేల్మని తలుపేసుకుంటే మాత్రం పొగరంటాం, నిజానికి మెదడులో ఆవేశానికి బ్రేకేసే భాగం, నుదుటి వెనకాల ఉండేది, పాతికేళ్ళు దగ్గర పడేదాకా పూర్తిగా తయారవదట. ఇహ ఉద్యోగాల వయసు, ఆఫీసరు మీద కోపం మింగేసి ఇంటికొచ్చి పిల్లల మీద చూపించే వయసు. మింగితే మొహం మామూలుగానే ఉంటుంది, ఒంట్లో మాత్రం తగ్గదు, అసలు విషయాన్నే ఇంకో రకంగా చూడగలిగితే ఆ ఎమోషనే తగ్గుతుందని స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ గ్రాస్ అనే సైకాలజిస్టు 1998లో ప్రయోగం చేసి చూపించాడు.

మరి మన సంగతి? అదే యూనివర్సిటీలో లారా కార్‌స్టెన్‌సెన్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి చూసి చెప్పిందేంటంటే, పెద్దవయసులో కోపతాపాలు కుర్రాళ్ళకంటే తక్కువేనట, ముందు టైం ఎక్కువ లేదని తెలిసాక మనిషి అక్కర్లేని గొడవలు వదిలేసి కావలసిన నలుగురితోనే ఉంటాడట. మరి ఊరంతా ముసలాడికి ముక్కు మీద కోపం అంటుందేం?

ఇది చెప్పకుండా ఉండలేనండీ. నవంబర్లో, బతికే ఉన్నామని పెన్షన్ కోసం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కి వెళ్ళా, ఏ బ్యాంకో అడక్కండి. సుద్దముక్కలు పట్టిన వేళ్ళు, గీతలన్నీ అరిగిపోయాయి. వేలిముద్ర మిషన్ మీద పెడితే ఎర్రలైటు. తడిగుడ్డతో తుడిచి పెట్టమన్నాడు కౌంటర్లో కుర్రాడు, మళ్ళీ ఎర్రలైటే. నా వెనకాల ఒకావిడ, మోకాళ్ళ నొప్పులు పాపం, గోడకానుకుని నిలబడుంది. ఆవిడకో కుర్చీ వెయ్యండి బాబూ అని కొంచెం గట్టిగానే అన్నా. ఆ కుర్రాడు తలైనా ఎత్తకుండా "తాతగారూ కూల్, బీపీ పెరుగుద్ది" అన్నాడు. నేనడిగింది కుర్చీ, అతనికి వినపడింది బీపీ! కుర్చీ వెయ్యమని నలభై ఏళ్ళ షావుకారు అనుంటే మేనేజరు లేచొచ్చేవాడు కాదా? పిల్లాడు ఏడిస్తే ఆకలేమో అని చూస్తాం కదా, మనం అరిస్తే మాత్రం కారణం వెతికేవాడే లేడు, వయసు మీదకి తోసేస్తారు.

వేలిముద్ర పడనివాళ్ళు చేతులెత్తండి. అబ్బో! దించండి దించండి, భుజాలు నొప్పెడతాయి. 2021 నుంచి ఫోన్లో మొహం చూపించినా సరిపోతుంది, మనవణ్ణి అడగండి, చేసిపెడతాడు. ఫోన్ లేనివాళ్ళు, మనవలు అమెరికాలో ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి, క్యూలో నిలబడాల్సిందేగా?

సెక్రటరీగారూ, ఇవాళ తీర్మానాల్లో డీఏ, అదే కరువు భత్యం, బకాయిల కిందే ఇంకోటి రాసుకోండి. నవంబర్ నెలంతా పెన్షన్లిచ్చే ప్రతి బ్రాంచిలో కౌంటర్ ముందు కుర్చీలు వెయ్యాలి. కోపం తగ్గడానికి యోగా క్లాసులు పెడదామన్న తీర్మానం దాని తర్వాత చూద్దాం.