ఉయ్యాల లెక్క

(చెన్నైలోని తెలుగువారి సభలో ఒక ఎంబ్రియాలజిస్ట్ చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

విజయవాడ నుంచి వచ్చే పినాకిని మధ్యాహ్నానికి సెంట్రల్ చేరుతుంది. దిగేవాళ్లలో కొందరి చేతిలో సామాను పెద్దగా ఉండదు, ఒక ప్లాస్టిక్ ఫైలు ఉంటుంది. నెల్లూరు, గూడూరు వైపు నుంచి పిల్లల కోసం చికిత్సకు వచ్చే దంపతులు వాళ్లు. ఆపరేషన్ థియేటర్లో డాక్టరమ్మ తీసిన అండాలను అందుకునే చేతులు నావి. పదిహేనేళ్లుగా ఇదే ఊళ్లో ఇదే పని.

ఒకసారి గూడూరు వైపు నుంచి ఒక జంట వచ్చింది. అంతకుముందు వేరేచోట రెండుసార్లు ఇక్సీ, అంటే ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి పంపే చికిత్స, చేయించుకున్నారు. ఆయన ఫైలు తెరిచి నా ముందు పెట్టి, "మేడం, ఎనభై శాతం సక్సెస్ అని రాశారు కదా, మరి మాకు బిడ్డేదీ?" అన్నారు. చూశాను. రాసింది అబద్ధం కాదు. పది అండాల్లో ఎనిమిది ఫలించాయి, అంటే వీర్యకణంతో కలిశాయి. అది ల్యాబు లెక్క. ఆయన అడిగింది ఉయ్యాల లెక్క. చికిత్స మొదలుపెట్టిన వందమంది దంపతుల్లో ఎంతమంది ఇంట్లో ఉయ్యాల కట్టారు అన్నదే ఆ లెక్క. ఈ రెంటి మధ్య ఎంత దూరముందో, దాన్ని తగ్గించడానికి పరిశోధకులు ఏం చేశారో, ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందు మా బల్ల దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను. మామూలు ఐవీఎఫ్‌లో, అంటే ఒంటి బయట డిష్‌లో అండాన్ని ఫలింపజేసే పద్ధతిలో, అండం చుట్టూ వేల వీర్యకణాలను వదిలిపెడతాం, లోపలికి వెళ్లగలిగింది వెళుతుంది. ఇక్సీలో ఆ పని మేం చేస్తాం. 1991లో బ్రస్సెల్స్‌లో జియాన్‌పియెరో పలెర్మో అనే డాక్టరు అండం పైపొర కింద వీర్యకణాలను వదిలే ప్రయోగాలు చేస్తుండగా, ఒకటి పొరపాటున అండం లోపలికే వెళ్లిపోయింది. ఆ అండం ఫలించింది. అలా పుట్టిన పద్ధతి ఇది. మొదటి బిడ్డ 1992 జనవరిలో పుట్టింది, అదే ఏడాది లాన్సెట్ పత్రికలో వివరాలు వచ్చాయి. వీర్యకణాల కౌంట్ మరీ తక్కువగా ఉన్న మగవాళ్లకు అంతకుముందు దాత వీర్యం తప్ప దారి లేదు. అందుకే ఆ పొరపాటుకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

అండం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. వీర్యకణం తల అందులో ఇరవయ్యో వంతు. అండం చుట్టూ ఉన్న కణాలను ఎంజైముతో విడదీసి, పక్వమైందో లేదో చూస్తాం. పక్వమైన అండం పక్కన ధ్రువకణం అని చిన్న బుడగ ఉంటుంది. క్రోమోజోములను పట్టుకున్న సన్నని దారాలు సాధారణంగా దాని దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి, గడియారంలో పన్నెండో ఆరో ఉండేచోటికి ఆ బుడగను తిప్పి, మూడు ఉండేచోటు నుంచి సూది దించుతాం. దానికంటే ముందు వీర్యకణం తోకను సూదితో నొక్కి కదలకుండా చేయాలి. అప్పుడే దాని పొర చిట్లి, లోపలున్న పీఎల్‌సీ జీటా అనే ప్రోటీన్ అండాన్ని నిద్రలేపుతుంది. పదహారు, పద్దెనిమిది గంటల తర్వాత మైక్రోస్కోపులో చూస్తే అండం లోపల రెండు చిన్న వలయాలు కనబడతాయి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఇన్నేళ్లయినా ఆ రెండు వలయాలు కనబడిన పొద్దున నాకు పండగే.

కానీ ఆ పండగ ఉయ్యాల కాదు. అక్కడి నుంచి ఐదో రోజుకు బ్లాస్టోసిస్ట్, అంటే గర్భసంచిలో అంటుకోగల దశకు ఎదిగిన పిండం, కావాలి, గర్భసంచిలో అంటుకోవాలి, తొమ్మిది నెలలు నిలవాలి. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని జారిపోతాయి.

మెరుగుపరచాలంటే మొదట తట్టే ప్రశ్న, ఇన్ని లక్షల వీర్యకణాల్లో ఏది ఎంచుకోవాలి అన్నది. నేను ఎంచుకునేది చూపును బట్టి, అంటే ఆకారం, కదలిక చూసి. లోపలున్న డీఎన్‌ఏ తెగిందో బాగుందో కంటికి కనబడదు. ఇక్కడొక అందమైన ఆలోచన వచ్చింది. అండం చుట్టూ హయలురొనన్ అనే జిగురులాంటి పదార్థం సహజంగానే ఉంటుంది. బాగా పక్వమైన వీర్యకణాలు దానికి అతుక్కుంటాయి. మరి డిష్‌లో ఆ పదార్థం పూసి, అతుక్కున్నవాటినే ఏరుకుంటే? ప్రకృతి చేసే ఎంపికనే మనమూ చేసినట్టవుతుంది కదా. వినగానే ఎవరైనా ఒప్పుకుంటారు. నేనూ ఒప్పుకున్నాను.

బ్రిటన్‌లో 16 కేంద్రాలు కలిసి దీన్ని పరీక్షకు పెట్టాయి. 2,772 మంది దంపతులు. ఎవరికి కొత్త పద్ధతి, ఎవరికి మామూలు ఇక్సీ అన్నది డాక్టరు నిర్ణయించలేదు, దంపతులూ కోరుకోలేదు. చీటీలు తీసినట్టు కంప్యూటరు తేల్చింది. ఫలితం 2019లో లాన్సెట్‌లో వచ్చింది. నెలలు నిండి బిడ్డ పుట్టినవాళ్లు కొత్త పద్ధతిలో వందకు 27.4, మామూలు పద్ధతిలో 25.2. అంత చిన్న తేడా కేవలం చీటీల వల్ల కూడా రావొచ్చు, కాబట్టి మేలు నిరూపణ కాలేదని రాశారు. అయితే గర్భస్రావాలు 7 శాతం నుంచి 4.3 శాతానికి తగ్గాయి. ఇది నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసే అంకె. పూర్తిగా తీసిపారేయలేం, దీన్ని చూపించి అందరికీ బిల్లు వేయలేం. దీనికోసమే ఇంకో ట్రయల్ చేయాలి.

చీటీలెందుకు అని మీకు అనిపించవచ్చు. కొత్త పద్ధతికి డబ్బు ఎక్కువ. డబ్బున్నవాళ్లు, చిన్న వయసువాళ్లు, ఆశ ఎక్కువున్నవాళ్లు దాన్ని ఎంచుకుంటే, ఫలితం వాళ్ల వయసు వల్ల వచ్చిందా, పద్ధతి వల్ల వచ్చిందా చెప్పలేం. చీటీ ఒక్కటే అందరినీ సమంగా పంచుతుంది. ఈ మాట ఎంత చెప్పినా నాకు తనివి తీరదు, ఎందుకంటే నేను పొరబడ్డది ఇక్కడే.

ఎండోమెట్రియల్ స్క్రాచింగ్ అని ఉంది. పిండం వేయడానికి ముందు గర్భసంచి లోపొరను సన్నని గొట్టంతో కాస్త గీరితే, మానేటప్పుడు పొర పిండాన్ని బాగా పట్టుకుంటుందన్నారు. 2003లో ఇజ్రాయెల్ నుంచి వచ్చిన చిన్న అధ్యయనంలో ఫలితాలు రెట్టింపు కనబడ్డాయి. ప్రపంచమంతా గీరడం మొదలుపెట్టింది. నేను పనిచేసిన ఒకచోట కూడా చేశారు. నొప్పికి పళ్లు బిగించి పడుకున్న తల్లులకు "మంచికేనమ్మా" అని నేనే చెప్పాను. 2019లో న్యూజిలాండ్ నుంచి నడిపిన పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది. ఐదు దేశాలు, 1,364 మంది స్త్రీలు. గీరినవాళ్లలో బిడ్డ పుట్టింది 26.1 శాతం మందికి. గీరనివాళ్లలోనూ 26.1. దశాంశం దాకా ఒకటే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తల్లుల నొప్పికి నా దగ్గర ఏ జవాబూ లేదు.

ఇక ఇక్సీ సంగతే తీసుకోండి. మగవాళ్లలో లోపం ఉన్నవాళ్ల కోసం పుట్టిన పద్ధతి ఇప్పుడు కౌంట్ బాగున్నవాళ్లకూ చేస్తున్నారు, భద్రంగా ఉంటుందని. వియత్నాంలోని హో చి మిన్ నగరంలో ఇలాంటి 1,064 మంది దంపతుల్ని చీటీలతో పంచి చూశారు. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం బిడ్డ పుట్టింది ఇక్సీతో 35 శాతం, మామూలు ఐవీఎఫ్‌తో 31 శాతం. ఈ తేడా చాలదని గణితం చెప్పింది. 2024లో చైనా నుంచి వచ్చిన ట్రయల్‌లో 2,387 మంది దంపతులు, మగవాళ్లలో లోపం తీవ్రంగా లేనివాళ్లు. ఈసారి ఇక్సీ 33.8, ఐవీఎఫ్ 36.6. ఒకచోట ఇక్సీ ఓ అడుగు ముందు, ఇంకోచోట ఓ అడుగు వెనక. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే కౌంట్ బాగున్నవాళ్లకు సూదితో అదనంగా ఒరిగేదేమీ లేదని అర్థమవుతుంది. కౌంట్ బాగా పడిపోయినవాళ్లకు, వృషణం నుంచి నేరుగా వీర్యకణాలు తీయాల్సి వచ్చినవాళ్లకు మాత్రం ఇక్సీయే దారి. అక్కడ ఎవరికీ రెండో మాట లేదు.

అన్నీ ఇలాగే పోయాయనుకోకండి. పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడా వల్ల అండాలు సరిగా విడుదల కాని సమస్య, ఉన్న స్త్రీలకు పిండాలను వెంటనే వేయకుండా ఫ్రీజ్ చేసి తర్వాత వేస్తే ఏమవుతుందో చైనాలో 1,508 మందితో చూశారు. 2016లో వచ్చింది. బిడ్డ పుట్టినవాళ్లు 42 నుంచి 49.3 శాతానికి పెరిగారు. అండాశయాలు వాచి, పొట్టలో నీరు చేరే ప్రమాదం 7.1 నుంచి 1.3 శాతానికి పడిపోయింది. ఇంజక్షన్ల తర్వాత ఊపిరాడక ఆస్పత్రిలో చేరిన ఆడపిల్లల్ని చూసినవాళ్లకు ఆ అంకె విలువ తెలుస్తుంది. పీసీఓఎస్ లేనివాళ్లలో ఇదే చేసి చూస్తే బిడ్డలు పుట్టడంలో పెద్ద తేడా రాలేదు. ఎవరికి పనికొస్తుంది, ఎవరికి రాదు అన్నది కూడా తేల్చినప్పుడే పరిశోధన పూర్తయినట్టు.

మగవాళ్ల గురించి రెండు మాటలు. మన ఊళ్లలో పిల్లలు లేని ఆడదానికి ఒక పేరుంది, మీకందరికీ తెలుసు, ఈ వేదిక మీద ఆ మాట అనను. మగవాడికి అలాంటి పేరు పెట్టినట్టు నేనెప్పుడూ వినలేదు. కానీ సంతానం కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాళ్ల వైపు కూడా కారణం ఉంటుంది. ఇక్సీ వచ్చాక ఆ కారణం వెతకడం తగ్గిందని నా బాధ. ఒక్క కణం దొరికితే చాలు కదా అని పక్కన పెట్టేస్తున్నాం, భార్య ఒళ్లంతా సూదులు పొడిపించుకుంటోంది. మందుల షాపులో జింక్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మగవాళ్లకని అమ్ముతారు. అమెరికాలో 2,370 మంది దంపతులతో చేసిన ట్రయల్‌లో అవి వేసుకున్నవాళ్లకూ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ తేడా లేదు. 2020లో వచ్చింది. ఇంకో సంగతి జిమ్‌కు వెళ్లే కుర్రాళ్ల కోసం. కండలకని టెస్టోస్టెరాన్ ఇంజక్షన్లు వేయించుకుంటే వీర్యకణాల తయారీ ఆగిపోతుంది. కౌంట్ సున్నా అయి వచ్చినవాళ్లను చూశాను. మానేసిన తర్వాత చాలామందికి తిరిగి వస్తుంది, కానీ నెలలు పడుతుంది. ఒక్క వీర్యకణం తయారవడానికే రెండు నెలల పైన కావాలి.

మా ల్యాబు గురించి బయట ఎవరూ అడగని విషయం ఒకటుంది, గాలి. పిండాలకు ఊపిరితిత్తులూ లివరూ లేవు, గాలిలో ఉన్న రసాయనం వడగట్టుకోలేవు. భోగి నాడు తెల్లవారుజామున ఈ ఊరు ఎలా ఉంటుందో మీకు తెలుసు. పాత చాపలతో పాటు టైర్లు కూడా కాలుస్తారు. ఆ వారం వచ్చే ముందే మేం కార్బన్ ఫిల్టర్లు మారుస్తాం, వీలైతే ఆ రోజుకు అండాలు తీసే పని పెట్టుకోం. ఖరీదైన అదనపు చికిత్సల పేర్లు పోస్టర్ల మీద కనబడతాయి. ఇంక్యుబేటరులో ఆక్సిజన్ 5 శాతం దగ్గర నిలపడం, ఫిల్టరు మార్చిన తేదీ రాసిపెట్టుకోవడం ఏ పోస్టరు మీదా ఉండవు.

రాసిపెట్టుకోవడం అంటే గుర్తొచ్చింది. 1978 జులై 25న ఇంగ్లండులో ప్రపంచంలోనే మొదటి ఐవీఎఫ్ బిడ్డ లూయీస్ బ్రౌన్ పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ చేసిన పని వల్ల ఒక పాప పుట్టింది. ఆయన పిండాన్ని ఫ్రీజ్ చేసి వాడారు, ఆనాటికి ఊహకందని పని. ప్రభుత్వం వేసిన కమిటీ నమ్మలేదు. 1981లో ఆయన ప్రాణం తీసుకున్నారు. ఎన్నో ఏళ్ల తర్వాత డాక్టర్ టి.సి. ఆనంద్‌కుమార్ ఆయన నోట్సు చదివి, ఇది నిజమని ప్రపంచానికి చెప్పారు. 1986లో ముంబైలో పుట్టిన ఐవీఎఫ్ బిడ్డతో దేశంలో మొదటివాడినన్న పేరు తనకే ఉన్నా, ఆ పేరు తనది కాదని చెప్పిన మనిషి ఆయన. నోట్సు మిగలబట్టి న్యాయం దక్కింది.

ఇప్పుడు మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఉంది. 2007లో మొదలైంది. ట్రయల్ మొదలుపెట్టకముందే దేని కోసం చేస్తున్నారో, ఏ లెక్క కొలుస్తారో అందులో రాయాలి. ఫలితం నచ్చలేదని తర్వాత లెక్క మారిస్తే అది బయటపడుతుంది. ఎవరైనా ఫోన్లో తెరిచి చదువుకోవచ్చు. 2022 జనవరి నుంచి ఏఆర్‌టీ చట్టం, అంటే ఐవీఎఫ్ లాంటి చికిత్సలను నియంత్రించే చట్టం, కూడా అమల్లో ఉంది, కేంద్రాలన్నీ నమోదు కావాలి. మీ ఇంట్లో ఎవరైనా చికిత్సకు వెళుతుంటే, అదనంగా ఏదైనా చేస్తామన్నప్పుడు అడగండి, దీనివల్ల ఉయ్యాల లెక్క పెరిగిందని చీటీల ట్రయల్‌లో తేలిందా అని. మర్యాదగా అడగండి, కానీ అడగండి. ఎవరైనా ట్రయల్‌లో చేరతారా అంటే భయపడి లేచి రాకండి. "మా మీద ప్రయోగమా" అంటారు చాలామంది. పరీక్షించని పద్ధతికి డబ్బు కట్టి చేయించుకుంటే అదీ ప్రయోగమే, రాసుకునేవాళ్లు మాత్రం ఉండరు. ట్రయల్‌లో ఎథిక్స్ కమిటీ చూస్తుంది, సమ్మతి పత్రం మీ భాషలో అడగొచ్చు, మధ్యలో ఎప్పుడైనా బయటికి రావొచ్చు.

వెనక బల్ల మీద కాగితం ముక్కలు పెట్టించాను. పేరు రాయొద్దు, ప్రశ్న ఒక్కటే రాసి ఈ డబ్బాలో వేయండి. మగవాళ్లు మైకు దగ్గరికి రారని నాకు తెలుసు, అందుకే ఈ ఏర్పాటు. సూళ్లూరుపేట లోకల్ అందుకోవాల్సినవాళ్లు ముందు వేయండి, వాళ్లవి ముందు చదువుతాను. చివరి కాగితం అయ్యేదాకా ఇక్కడే ఉంటాను.