జెర్సీ సిటీ నుంచి చాటనూగాకి, ఒక్కళ్ళే: ఊరు మారే ముందు చూసుకోవాల్సినవి

నమస్తే. న్యూజెర్సీ, చికాగో లాంటి చోట్ల ఉంటూ, అమెరికా సౌత్‌లో ఏదో చిన్న సిటీ నుంచి ఆఫర్ వచ్చి, ‘ఒక్కళ్ళమే వెళ్ళి అక్కడేం చేస్తాం’ అని ఆగిపోయినవాళ్ళ కోసం ఈ వీడియో. నేను జెర్సీ సిటీ నుంచి టెనెసీలో ఉన్న చాటనూగాకి మారాను. అందుకని ఉదాహరణలన్నీ ఈ రెండు ఊళ్ళవే చెప్తాను. మీది గ్రీన్‌విల్ కావచ్చు, హంట్స్‌విల్ కావచ్చు. అంకెలు మారతాయి, చూసే పద్ధతి ఇదే.

పెళ్ళయినవాళ్ళు ఊరు మారితే స్కూళ్ళు చూస్తారు, బెడ్‌రూములు చూస్తారు. మనం జీతం, అద్దె చూసుకుని సరిపెట్టేస్తాం. ఆ రెండూ చూడండి, తప్పదు. కానీ అసలు చూడాల్సింది సాయంత్రాలు. లాప్‌టాప్ మూసేశాక మీరెక్కడికి వెళ్తారు, అక్కడ ఎవరుంటారు? దీనికి జవాబు దొరికేదాకా లీజు మీద సంతకం పెట్టొద్దు. వీడియోలో ఎక్కువ భాగం దీని మీదే ఉంటుంది.

(స్క్రీన్ మీద: కాగితాల చెక్‌లిస్ట్)

ముందు కాగితాలు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఇక్కడ పాజ్ చేసి రాసుకోండి. కంపెనీ మారకపోయినా, పనిచేసే ఊరు వేరే మెట్రో ఏరియాలోకి మారితే మీ వీసా పిటిషన్‌కి కంపెనీ అమెండ్‌మెంట్, అంటే సవరణ వెయ్యాలి. 2015లో సిమియో అనే కంపెనీ కేసులో వచ్చిన నిర్ణయంతో ఇది ఖాయమైపోయింది. ముందు కొత్త ఊరికి ఎల్‌సీఏ, అంటే ఆ ఊళ్ళో మీకిచ్చే జీతం గురించి కంపెనీ ఇచ్చే హామీ కాగితం తీసుకోవాలి. దానికి లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఏడు పనిదినాలు పడుతుంది. తర్వాత అమెండ్‌మెంట్. అది ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి చేరితే చాలు, కొత్త చోట పని మొదలుపెట్టొచ్చు. అప్రూవల్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ‘రిమోటే కదా, ఎవరికి తెలుస్తుందిలే’ అనే సలహాదారు ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఒకడుంటాడు. పోయేది వాడి వీసా కాదుగా.

గ్రీన్ కార్డ్ ప్రాసెస్ నడుస్తుంటే లాయర్‌ని ఇంకో ప్రశ్న అడగండి. పర్మ్, అంటే గ్రీన్ కార్డ్‌కి మొదటి మెట్టయిన లేబర్ సర్టిఫికేషన్, ఉద్యోగం ఉన్న చోటుతో ముడిపడి ఉంటుంది. దూరపు ఊరికి మారితే మళ్ళీ మొదటి నుంచి చెయ్యాల్సి రావచ్చు. దాని తర్వాతి మెట్టు ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఉంటే, ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డ్ క్యూలో మీ తేదీ మాత్రం మామూలుగా మీకే ఉంటుంది. ఇల్లు మారిన పది రోజుల్లోపు అడ్రస్ మార్పు ఫారం ఏఆర్-11 ఆన్‌లైన్‌లో నింపాలి. చిన్న పనే, అందుకే చాలామంది మర్చిపోతారు.

ఇంకో సంగతి. చిన్న ఊళ్ళో కంపెనీలు తక్కువ. చాటనూగాలో ఐటీ ఉద్యోగాలంటే ఎక్కువగా ఇన్సూరెన్స్ కంపెనీలవి. యూనమ్, టెనెసీ బ్లూక్రాస్, రెండిటి హెడ్ ఆఫీసులూ ఇక్కడే. ఫోక్స్‌వ్యాగన్ ప్లాంట్ కూడా ఉంది. ఉద్యోగం పోతే హెచ్-1బీ వాళ్ళకి ఇంకోటి వెతుక్కోవడానికి ఉండే 60 రోజుల గడువులో ఇదే ఊళ్ళో ఇంకోటి దొరుకుతుందని ధీమా పెట్టుకోవద్దు. ఇంట్లో రెండో జీతం ఉండదు కదా. కాబట్టి లీజులో మధ్యలో వదిలేస్తే ఎన్ని నెలల అద్దె కట్టాలో రాసి ఉందా, లేదా చూడండి. లేకపోతే రాయించుకోండి. అడిగితే రాస్తారు, అడగనివాళ్ళకే రాయరు.

(స్క్రీన్ మీద: ఖర్చుల షీట్, రెండు కాలమ్స్)

డబ్బు గురించి గబగబా చెప్పేస్తాను. టెనెసీలో జీతం మీద స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. ఇది విని అందరూ ఎగిరి గంతేస్తారు. కానీ చాటనూగాలో సేల్స్ ట్యాక్స్ 9.25 శాతం. బియ్యం, పాలు, కూరగాయల మీద కూడా కొంచెం తగ్గించి వేస్తారు, మొత్తానికి వదలరు. జెర్సీలో వండని సరుకుల మీద, బట్టల మీద పన్నే ఉండేది కాదు. ఇంకో మెలిక ఉంది. మాన్‌హటన్ ఆఫీసు ఉద్యోగం వదలకుండా, మీ సౌకర్యం కోసమే ఇక్కడ కూర్చుని పనిచేస్తుంటే, ఆ జీతం మీద న్యూయార్క్ స్టేట్ పన్ను అడుగుతుంది. టెనెసీకి వచ్చేశాం కదా అని లెక్కలు వేసుకునే ముందు పేరోల్ వాళ్ళని అడగండి. మారాక వచ్చే మొదటి పే స్టబ్‌లో ఏ స్టేట్ పేరుందో కూడా చూడండి.

ఇక కారు. జెర్సీ సిటీలో పాత్ రైలు అర్ధరాత్రి రెండింటికైనా ఉంటుంది. ఇక్కడ బస్సులు ఉన్నాయి గానీ వాటిని నమ్ముకుని ఉద్యోగం చెయ్యలేరు. అద్దెలో మిగిలిందంతా కారు కిస్తు, ఇన్సూరెన్స్, పెట్రోలు తినేస్తాయా అన్నది షీట్‌లో మూడో వరుస. నిజాయితీగా నింపండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు రోడ్‌సైడ్ అసిస్టెన్స్, రెంటల్ కవరేజ్ రెండూ పెట్టించుకోండి. యాక్సిడెంట్ అయి కారు షెడ్డులో ఉంటే ఆఫీసుకి దింపడానికి ఇంట్లో ఎవరూ ఉండరు మనకి. టెనెసీ లైసెన్స్ 30 రోజుల్లో తీసుకోవాలి. అడ్రస్ ప్రూఫ్ రెండు అడుగుతారు, అందుకని కరెంటు కనెక్షన్ మొదటి రోజే మీ పేరు మీద పెట్టించుకోండి.

(స్క్రీన్ మీద: చాటనూగా మ్యాప్)

ఇప్పుడు ఇల్లు. ఇక్కడ కాసేపు ఆగుదాం.

మ్యాప్‌లో కుడివైపు చూడండి, ఈస్ట్ బ్రెయినర్డ్, ఊల్టెవా. మీరు ఇండియన్ ఫ్రెండ్స్ ఎవరిని అడిగినా ఇటే పంపిస్తారు. కొత్త అపార్ట్‌మెంట్లు, స్విమ్మింగ్ పూల్, జెర్సీలో మీరు కట్టే అద్దెకి పెద్ద ఇల్లు. చెడ్డ సలహా కాదు, వాళ్ళకి మంచిదే. వాళ్ళకి పిల్లలున్నారు. రాత్రి ఎనిమిదికి వాళ్ళ తలుపులు మూసుకుంటాయి. మీ రెండో బెడ్‌రూమ్‌లో ఖాళీ సూట్‌కేసులు ఉంటాయి.

ఎడమవైపు నది. నదికి ఇటు డౌన్‌టౌన్, దాని కింద సౌత్‌సైడ్. అటు నార్త్‌షోర్. మధ్యలో వాల్‌నట్ స్ట్రీట్ బ్రిడ్జ్. పంతొమ్మిదో శతాబ్దంలో కట్టిన వంతెన, 1993లో నడిచేవాళ్ళ కోసం మళ్ళీ తెరిచారు. కార్లు రావు. వంతెన తెరిచి ఉన్న రోజుల్లో, సాయంత్రం అయితే కుక్కల్ని తిప్పేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, ఫోన్ మాట్లాడుకుంటూ నడిచేవాళ్ళు అందరూ దాని మీదే ఉంటారు. ఇక్కడ ఇల్లు చిన్నది, అద్దె ఎక్కువ, పార్కింగ్ ఒక గొడవ. అయినా సింగిల్‌గా వచ్చేవాళ్ళకి మొదటి ఏడాది ఇటువైపే ఉండమంటాను. తర్వాత ఊరు తెలిశాక ఎటు కావాలంటే అటు పోవచ్చు.

నా మాట మీద తీసుకోవద్దు, వచ్చి చూడండి. అయితే శనివారం రావద్దు. శనివారం అక్వేరియం చూడ్డానికి, లుకౌట్ మౌంటెన్ ఎక్కడానికి బయటి ఊళ్ళ నుంచి జనం వస్తారు, ఊరంతా కళకళలాడుతూ కనిపిస్తుంది. మంగళవారం రండి. లీజింగ్ ఆఫీసులో అమ్మాయి చూపించే మోడల్ ఫ్లాట్ చూసి, థాంక్స్ చెప్పి బయటపడండి. ఆఫీసు మూసేశాక ఏడింటికి అదే పార్కింగ్ లాట్‌కి మళ్ళీ వెళ్ళి నడవండి. కార్ల వెనక సీట్లలోకి ఓ చూపు వెయ్యండి. వరసగా చైల్డ్ సీట్లు కనిపిస్తున్నాయా? మెట్ల కింద స్ట్రోలర్లు, చిన్న సైకిళ్ళు ఉన్నాయా? లేకపోతే కారు పైన కయాక్ ర్యాకులు, బాల్కనీలో ఆరేసిన క్లైంబింగ్ తాళ్ళు ఉన్నాయా? చాటనూగా కొండలెక్కేవాళ్ళ ఊరు, అలాంటివాళ్ళు చాలామంది మన వయసువాళ్ళే. అక్కడ ఎవరుంటారో బ్రోషర్ చెప్పదు, పార్కింగ్ లాట్ చెప్తుంది. అమ్మాయిలైతే లైట్లు ఎక్కడెక్కడ వెలుగుతున్నాయో, కారు నుంచి తలుపు దాకా ఎంత దూరమో కూడా అప్పుడే చూసుకోండి. సౌత్‌సైడ్ అయితే కాసేపు చెవులు రిక్కించండి, గూడ్సు రైళ్ళ కూత మీ నిద్రకి పడుతుందో లేదో.

ఇంటర్నెట్ గురించి బెంగ అక్కర్లేదు. ఇక్కడ ఈపీబీ అనే ఊరి కరెంటు సంస్థే ఫైబర్ ఇస్తుంది. 2010లోనే ఊరంతటికీ గిగాబిట్ ఇచ్చారు.

సామాను విషయం రెండు ముక్కల్లో. ఎనిమిది వందల మైళ్ళ పైన దూరం. ఐ-78, ఐ-81 పట్టుకుని వర్జీనియా పొడుగునా దిగి, నాక్స్‌విల్ మీదుగా రావాలి. ఒక్కళ్ళే పెద్ద ట్రక్కు నడపొద్దు. ఫర్నిచర్ అమ్మేసి, పుస్తకాలు పోస్టాఫీసులో మీడియా మెయిల్‌లో పంపి, మిగిలింది కారులో పట్టేలా చూసుకోండి. సగం మైళ్ళ దగ్గర రాత్రికి ఆగండి. జెర్సీ ఓనర్ డిపాజిట్ 30 రోజుల్లో వడ్డీతో వెనక్కి ఇవ్వాలి. ఖాళీ చేసేటప్పుడు ప్రతి గోడా వీడియో తీసి, కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇచ్చి రండి.

(స్క్రీన్ మీద: ‘నలుగురు’)

ఇప్పుడు మనుషులు. పెద్ద ఊళ్ళో ఎవరూ తెలియకపోయినా రోజు గడిచిపోతుంది. కింద కొట్టు ఉంటుంది, రైలు ఉంటుంది, రూమ్మేట్ ఉంటుంది. ఇక్కడ అవేవీ ఉండవు, ఆ పనులన్నీ మనుషులే చెయ్యాలి. దీనికి నేను చెప్పే కొలత ఒకటుంది. మీకు ఎండోస్కోపీ అనుకోండి, జ్ఞానదంతం తీయించుకోవాలి అనుకోండి. మత్తు ఇస్తే, తెలిసినవాళ్ళు ఎవరైనా వచ్చి తీసుకెళ్తే తప్ప సాధారణంగా పంపరు. ఊబర్ ఎక్కి పోతానంటే ఒప్పుకోరు. ఆ రోజు వచ్చేది ఎవరు? పేరు తట్టిందా? తట్టకపోతే ఇంకా పని మిగిలి ఉందన్నమాట. ఒకరు ఆసుపత్రికి, ఒకరి దగ్గర స్పేర్ తాళంచెవి, ఒకరు ఎయిర్‌పోర్టుకి, ఒకరు ఊరికే శుక్రవారం భోజనానికి. నాలుగూ ఒకళ్ళ మీదే వెయ్యకండి, పారిపోతారు.

వాళ్ళు ఎక్కడ దొరుకుతారు? వారంవారం ఒకే రోజు, ఒకే చోట, అవే మొహాలు కనిపించే పని ఏదైనా పట్టుకోండి. క్లైంబింగ్ జిమ్, బ్యాడ్మింటన్, ఆదివారం క్రికెట్, ఏదైనా సరే. నెలకోసారి జరిగే మీటప్‌లతో పరిచయాలు పెరుగుతాయి గానీ తాళంచెవి ఇచ్చేంత దూరం రావు.

ఆఫీసులో మొదటి వారమే ఎవరో ఒకరు నవ్వుతూ అడుగుతారు, ‘మీరు ఏ చర్చికి వెళ్తారు?’ అని. ఉలిక్కిపడకండి. చాలాసార్లు వాళ్ళ ఉద్దేశం మతం మార్చడం కాదు, ‘నీకంటూ ఇక్కడ ఎవరున్నారు’ అని కనుక్కోవడం. ‘మేం హిందువులం, గుడికి వెళ్తాం, మీ చర్చి ఎక్కడ?’ అంటే మాట సాఫీగా సాగిపోతుంది. తర్వాత థాంక్స్‌గివింగ్ భోజనానికి పిలుస్తారు. వెళ్ళండి. శాకాహారులైతే ముందే చెప్పండి, ఇక్కడ బీన్స్‌లోనూ ఆకుకూరలోనూ కూడా పంది మాంసం వేసి ఉడికిస్తారు. బెండకాయ వేపుడు మాత్రం మనలాగే ఇష్టంగా తింటారు. జార్జియా వైపు రోడ్డు పక్కన ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్ముతారు, పొట్లం కట్టించుకుంటే గుంటూరు బస్టాండే.

నెలకోసారి అట్లాంటా వెళ్ళాల్సిందే, ఐ-75 మీద రెండు గంటలు. సరుకులకి డికేటర్, మన జనం కావాలంటే కమింగ్, ఆల్ఫరెటా. రివర్‌డేల్‌లో వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. ప్రతి వారం మాత్రం పోవద్దు. వారాంతాలన్నీ అక్కడే గడిపితే ఇక్కడ మీకు ఎవరూ మిగలరు.

టోర్నడో సంగతి కూడా చెప్పాలి. 2020 ఏప్రిల్‌లో ఈస్టర్ రాత్రి ఈస్ట్ బ్రెయినర్డ్ వైపే వచ్చింది. ‘వాచ్’ అంటే వచ్చే వీలుంది, ‘వార్నింగ్’ అంటే వచ్చేసింది, లేదా రాడార్‌లో కనిపించింది. వార్నింగ్ వస్తే కిటికీలు లేని లోపలి గదిలోకి, వీలైనంత కింది అంతస్తుకి వెళ్ళాలి. పక్కన లేపేవాళ్ళు ఉండరు కాబట్టి రాత్రి ఫోన్‌లో ఎమర్జెన్సీ అలర్ట్‌లు ఆపొద్దు. ఓ వెదర్ రేడియో కొని మంచం పక్కన పెట్టుకోండి. కింది ఫ్లాట్ వాళ్ళతో పరిచయం చేసుకోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

ఇక సంబంధాల గోల. ‘ఒక్కదానివే ఆ ఊళ్ళో ఏం చేస్తావే, అక్కడ మనవాళ్ళు ఎవరున్నారు’ అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. మ్యాట్రిమోనీ ప్రొఫైల్‌లో చాటనూగా అని చూసి డాలస్ అబ్బాయిల తల్లిదండ్రులు గూగుల్ మ్యాప్ తెరుస్తారు. ‘అట్లాంటాకి రెండు గంటలు’ అని పక్కనే రాసేయండి, సగం ఫోన్లు తగ్గుతాయి. డేటింగ్ యాప్‌లు వాడేవాళ్ళు జెర్సీలో ఐదు మైళ్ళు పెట్టుకుని ఉంటారు, ఇక్కడ నూట ఇరవై పెట్టండి. అట్లాంటా, నాక్స్‌విల్, హంట్స్‌విల్ మూడూ వస్తాయి. హంట్స్‌విల్ వాళ్ళతో, నాష్‌విల్ కూడా కలిస్తే వాళ్ళతోనూ, గంట టైమ్ తేడా గుర్తుంచుకోండి, సెంట్రల్ టైమ్ వాళ్ళది. ఎనిమిదింటికి కలుద్దాం అంటే ఎవరి ఎనిమిదో అడగండి.

షీట్ లింక్ కింద పెట్టాను. కాపీ చేసుకుని ఊరి పేర్లు మార్చుకోండి. నలుగురి పేర్లు రాసే చోటు చివరి వరుసలో ఉంది, వచ్చిన మూడో నెలలో తెరిచి చూడండి. హెచ్-1బీ వాళ్ళు మాత్రం ముందు హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి, ఆ తర్వాతే మిగతావి నింపండి.