ఏటా అదే పేరు, ఒక కొత్త గొంతు: స్మారకోపన్యాసాల మీద కబుర్లు

హోస్ట్: నమస్కారం. ఇవాళ మనతో ఉన్నది నాకు ఎమ్మేలో ఎకనామిక్స్ చెప్పిన మేడమ్. మా డిపార్ట్‌మెంట్‌లో ఏటా జరిగే స్మారకోపన్యాసాన్ని 11 ఏళ్ళు ఆవిడే నడిపించారు. తన పేరు, యూనివర్సిటీ పేరు చెప్పొద్దని ముందే షరతు పెట్టారు.

అతిథి: చెప్తే రేపు పొద్దున్నే ఫోన్లు మొదలవుతాయి. నేను మాట్లాడబోయేవన్నీ పొగడ్తలు కావు కదా.

హోస్ట్: నిజం ఒప్పుకుంటాను మేడమ్. మేం ఆ ఉపన్యాసానికి వచ్చేది అటెండెన్స్ కోసమే.

అతిథి: తెలియదనుకున్నావా? వెనక వరుసలో కూర్చుని కునుకు తీసేవాడివి. నీ తప్పు లేదులే. వక్త అంతకు ముందు ఏదో కాన్ఫరెన్స్‌లో చదివిన పేపరే తెచ్చి ఇక్కడ మళ్ళీ చదివేవాడు. ఎవరి జ్ఞాపకార్థం సభ పెట్టామో ఆయన గురించి పరిచయంలో ఒక్క పేరా. ఆ పేరా ఏటా అదే. ఒకసారి అందులో ఆయన పుట్టిన సంవత్సరం తప్పుగా పడింది. నాలుగేళ్ళు అదే తప్పు చదివాం, ఒక్కరూ పట్టుకోలేదు.

హోస్ట్: అయ్యో. అసలు ఇలాంటివి ఎలా మొదలవుతాయి మేడమ్?

అతిథి: ఎక్కువసార్లు ఒకేలా. ఒక ప్రొఫెసర్ పోతారు. శిష్యులు, ఇంట్లోవాళ్ళు కలిసి కొంత డబ్బు పోగుచేసి యూనివర్సిటీకి ఇస్తారు. అసలు సొమ్ము ముట్టుకోకూడదు, వడ్డీతో ఏటా ఒకరిని పిలవాలి. వక్త రానూపోనూ ఖర్చులు, బస, పారితోషికం, తర్వాత ఆ ఉపన్యాసాన్ని చిన్న పుస్తకంగా వెయ్యడం, అన్నీ ఆ వడ్డీలోంచే. ఇందులో ఒక తమాషా ఉంది. వడ్డీ మొత్తం ఖర్చుపెట్టేస్తూ ఉంటే పాస్‌బుక్‌లో అసలు అంకె అలాగే కనిపిస్తుంది, కానీ దాని విలువ కరిగిపోతూ ఉంటుంది. ధరలు ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగితే 14 ఏళ్ళకి ఆ డబ్బు విలువ సగమైపోతుంది. వడ్డీలో కొంత ఏటేటా అసలులో కలపాలి. ద్రవ్యోల్బణం పాఠం చెప్పే డిపార్ట్‌మెంట్ మాది. మా నిధి విషయంలో ఆ పాఠం ఎవరికీ గుర్తు రాలేదు! మొదట్లో వక్తకి విమానం టికెట్ ఇచ్చేవాళ్ళం. తర్వాత రైలు. చివరికి వేరే పని మీద ఊరికొచ్చినవాళ్ళెవరా అని వెతికేవాళ్ళం.

హోస్ట్: ఇంట్లోవాళ్ళు ఏమీ అనేవారు కాదా?

అతిథి: ఆయన కూతురు ఏటా వచ్చేవారు. ముందు వరుసలో, ఎడమ చివర కుర్చీ. మొదటి నుంచి చివరిదాకా వినేవారు, వెళ్ళేటప్పుడు థాంక్స్ చెప్పేవారు. ఒక ఏడాది మాత్రం ఒక మాట అడిగారు. "మా నాన్నగారు దేని మీద పనిచేశారో మీ స్టూడెంట్లకి తెలుసా అండీ?" అని. నాకు జవాబు దొరకలేదు. సరిగ్గా చెప్పాలంటే నాకే తెలియదు, ఆయన రాసినవి నేను చదవలేదు. ఆ రాత్రి లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివాను.

హోస్ట్: అప్పుడు మారిందా మీ పద్ధతి?

అతిథి: అప్పుడే అనుకున్నాను, పోయిన మనిషిని తలుచుకోవడమంటే ఆయన వదిలేసి వెళ్ళిన ప్రశ్నని మళ్ళీ ఎత్తుకోవడం అని. దీనికి మంచి ఉదాహరణ చెప్తా. 1949లో కేంబ్రిడ్జ్‌లో, పాతతరం ఎకనామిస్టు ఆల్‌ఫ్రెడ్ మార్షల్ పేరు మీద జరిగే ఉపన్యాసాలకి టి.హెచ్. మార్షల్‌ని పిలిచారు.

హోస్ట్: చుట్టమా?

అతిథి: కాదు, ఇంటిపేరు కలిసిందంతే. పైగా ఆయన సోషియాలజిస్టు. ఆయన ఏం చేశారంటే, ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1873లో శ్రామికవర్గాల భవిష్యత్తు మీద చేసిన ప్రసంగాన్ని బయటికి తీశారు. అందులో పెద్దాయన అడిగింది ఇది: మనుషులందరూ సమానం కాలేరు సరే, కనీసం చేసే పని రీత్యా ప్రతివాడూ పెద్దమనిషిలా బతికే రోజు వస్తుందా? 76 ఏళ్ళ తర్వాత ఈయన ఆ ప్రశ్న పట్టుకుని, పెద్దమనిషి అన్న మాట తీసేసి పౌరుడు అన్న మాట పెట్టారు. ఇంగ్లండులో 18వ శతాబ్దంలో పౌరహక్కులు, 19వ శతాబ్దంలో రాజకీయ హక్కులు, 20వ శతాబ్దంలో చదువు, ఆరోగ్యం లాంటి సామాజిక హక్కులు వచ్చాయన్నారు. మరుసటేడు పుస్తకమైంది. సంక్షేమ రాజ్యం గురించి రాసేవాళ్ళు ఈనాటికీ దాన్నుంచే మొదలుపెడతారు.

హోస్ట్: అదే మార్షల్ ఉపన్యాసాల్లో ఎకనామిస్టు లూకస్ కూడా మాట్లాడారు కదా? క్లాసులో చెప్పారు మీరు.

అతిథి: నిద్రలో కూడా విన్నావన్నమాట. 1985లో రాబర్ట్ లూకస్. అప్పటికి ఆయన పేరు వ్యాపార చక్రాల మీద, అంటే ఆర్థిక వ్యవస్థలో వచ్చే ఎత్తుపల్లాల మీద, చేసిన పనితో మోగిపోతోంది. ఆ సభకి వచ్చి దేశాల ఎదుగుదల మీద మాట్లాడారు. ముందు మామూలు అంకెలు పెట్టారు. 1960 నుంచి 1980 వరకు తలసరి ఆదాయం భారతదేశంలో ఏడాదికి 1.4 శాతం పెరిగింది, దక్షిణ కొరియాలో 7 శాతం. ఎన్నేళ్ళకి రెట్టింపవుతుందో తెలియాలంటే 70ని ఆ శాతంతో భాగించు.

హోస్ట్: 1.4తో అంటే... 50. కొరియాకి 10.

అతిథి: అంటే మన ఆదాయం రెట్టింపు కావడానికి 50 ఏళ్ళు, వాళ్ళకి పదేళ్ళు. ఇది విన్నవాళ్ళు తలూపి ఊరుకుంటారు. అందుకని ఆయన దాన్ని ఇంట్లోకి తెచ్చారు. ఈ లెక్కన భారతీయుడు తన తాత కంటే రెండింతలు బాగుంటాడు, కొరియా మనవడు తన తాత కంటే 32 రెట్లు.

హోస్ట్: అబ్బా.

అతిథి: తర్వాత నేరుగా అడిగేశారు. భారత ప్రభుత్వం ఏదైనా చేస్తే ఆ దేశం ఇండోనేషియాలాగో ఈజిప్టులాగో పెరుగుతుందా? చేస్తే, ఏంటది? ఏమీ లేదంటే, ఆ దేశంలో ఏముంది అలా కావడానికి? వీటి గురించి ఒకసారి ఆలోచించడం మొదలుపెడితే ఇక వేరే దాని మీదకి మనసు పోదు అన్నారు. 1988లో జర్నల్‌లో వచ్చిన ఆ వ్యాసం ఈ మాటలతో సహా వచ్చింది. మామూలుగా జర్నల్‌కి పంపే పేపర్‌లో ఎవరూ ఇలా రాయరు, రాస్తే దాన్ని పరిశీలించే రిఫరీ ఎర్రగీత పెడతాడు. ఉపన్యాసం కాబట్టి చెల్లింది.

హోస్ట్: మరి ఇందులో మార్షల్ ఎక్కడున్నాడు? మీరన్న పాత ప్రశ్న?

అతిథి: మంచి ప్రశ్న. లూకస్ సమాధానంలో ముఖ్యమైన ముక్క ఏంటంటే, చదువుకున్నవాళ్ళు ఒకచోట చేరితే ఒకరి నేర్పు పక్కవాడికి ఊరికే అంటుకుంటుంది. న్యూయార్క్ మన్‌హాటన్‌లో జనం అంతేసి అద్దెలు కట్టి ఎందుకుంటారు, సాటి మనుషులకి దగ్గరగా ఉండటానికి కాకపోతే అంటారు. దీని మొదటి రూపం ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890 నాటి గ్రంథంలో ఉంది. ఒకే పనివాళ్ళు గుమిగూడిన ఊళ్ళో ఆ వృత్తి రహస్యాలు గాలిలోనే ఉంటాయి, పిల్లలు తెలియకుండానే నేర్చుకుంటారు అని. అదే గాలికి లూకస్ సమీకరణాలు రాశారు. నాకు ఇష్టమైనది మాత్రం ఇది కాదు. రాబిన్స్ కథ.

హోస్ట్: లయొనెల్ రాబిన్స్? కొరత నిర్వచనం ఆయన?

అతిథి: ఆయనే. అనేక ఉపయోగాలున్న కొరత వనరులు అని మీచేత బట్టీ పట్టించిన ఎకనామిక్స్ నిర్వచనం, 1932. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ (ఎల్ఎస్ఈ)లో మహా పలుకుబడి ఉన్న మనిషి. మహామాంద్యం వచ్చినప్పుడు, ప్రభుత్వం ఖర్చు పెంచి గట్టెక్కించాలన్న కీన్స్ దారికి అడ్డం తిరిగారు. 1934లో ఆ మాంద్యం మీద ఒక పుస్తకం కూడా రాశారు. తర్వాత 1971లో వేసిన ఆత్మకథలో, అప్పుడు తీసుకున్న ఆ వైఖరే తన వృత్తి జీవితంలో అతి పెద్ద తప్పు అని రాసుకున్నారు.

హోస్ట్: ఆయనే రాసుకున్నారా?

అతిథి: ఆయనే. 1984లో పోయారు. ఇప్పుడు చూడు, ఆయన పేరు మీద ఎల్ఎస్ఈలో జరిగే ఉపన్యాసాలకి 2009 జూన్‌లో అమెరికన్ ఎకనామిస్టు పాల్ క్రుగ్మన్ వచ్చారు. ప్రపంచమంతా సంక్షోభంలో ఉంది. వరసగా మూడు సాయంత్రాలు మాట్లాడారు, అంశం మాంద్యపు అర్థశాస్త్రం తిరిగి రావడం. గత 30 ఏళ్ళ స్థూల అర్థశాస్త్రంలో చాలా భాగం మహా అయితే పనికిరానిది, లేదంటే హాని చేసింది అని తేల్చేశారు. ఒకప్పుడు మాంద్యం విషయంలో తప్పు చేశానని ఒప్పుకున్న మనిషి పేరున్న వేదిక మీద, ఎకనామిస్టులు మళ్ళీ అదే తప్పు చేశారని చెప్పడం. పూలదండ వేసి పొగిడితే రాబిన్స్‌కి ఇంత గౌరవం దక్కేది కాదని నా అభిప్రాయం.

హోస్ట్: అందరూ ఒప్పుకోరేమో మేడమ్.

అతిథి: ఒప్పుకోనక్కర్లేదు.

హోస్ట్: పేరు ఉన్న ఉపన్యాసాలన్నీ పోయినవాళ్ళవేనా?

అతిథి: కాదు. కొలంబియా యూనివర్సిటీలో ఎకనామిస్టు కెనెత్ ఆరో పేరు మీద ఉపన్యాసాలు ఆయన బతికుండగానే పెట్టారు. ఆయన ఆ సభల్లో కూర్చుని, వక్త మాట్లాడాక తన వ్యాఖ్య చెప్పేవారు. వక్త కష్టాలు ఊహించుకో! ఇంకొకటి ఉంది, రాడ్‌క్లిఫ్ ఉపన్యాసాలు, వార్విక్ యూనివర్సిటీ. 1972లో అమర్త్య సేన్ ఇచ్చారు. ఆ యూనివర్సిటీ మొదటి చాన్సలర్ ఎవరో తెలుసా? సిరిల్ రాడ్‌క్లిఫ్.

హోస్ట్: 1947లో భారత్, పాకిస్తాన్‌ల మధ్య గీత గీసిన రాడ్‌క్లిఫ్?

అతిథి: సాక్షాత్తూ. సేన్ వాళ్ళ ఇల్లు ఢాకాలో, ఆ గీతకి అవతల. సరే, అది పక్కదారి. సేన్‌కి అప్పటికి నలభై కూడా నిండలేదు. మాట్లాడింది అసమానత గురించి. అందులో ఒక చిన్న ఉదాహరణ నాకు ఎప్పుడూ పనికొచ్చింది. ఇద్దరికి డబ్బు పంచాలి. ఒకతనికి శారీరక వైకల్యం ఉంది. ఒకే ఆదాయం ఇద్దరికీ ఇస్తే, రెండోవాడికి కలిగే సుఖంలో సగమే ఇతనికి కలుగుతుంది. మొత్తం సుఖం ఎంత ఎక్కువైతే అంత మంచిది అనే సిద్ధాంతం ప్రకారం ఎవరికి ఎక్కువ ఇవ్వాలి?

హోస్ట్: వైకల్యం ఉన్నతనికి... ఆగండి. కాదు. ఏ డబ్బుకైనా ఎక్కువ సుఖం వచ్చేది రెండోవాడికి. అతనికే ఎక్కువ పోతుంది.

అతిథి: అదీ. అందరి సుఖాన్నీ సమానంగా లెక్కేసే సిద్ధాంతం కదా అని, సమానత్వానికి దగ్గరిదనుకునేవాళ్ళు. సేన్ దాన్ని ఒక్క ఉదాహరణతో తలకిందులు చేశారు. 1973లో పుస్తకం. ఆయనకి నోబెల్ వచ్చింది 1998లో. లూకస్‌కి 1995లో, అంటే కేంబ్రిడ్జ్ ఉపన్యాసం తర్వాత పదేళ్ళకి. మా కమిటీలో ప్రతి ఏడూ ఒకటే పాట, "నోబెల్ వచ్చినవాళ్ళు ఎవరైనా దొరుకుతారా" అని. వాళ్ళు దొరకరు, దొరికినా ఇరవై చోట్ల చెప్పినదే చెప్తారు. ప్రశ్నతో ఇంకా కుస్తీ పడుతున్నవాళ్ళని పిలవండి అని నేను గొడవపడేదాన్ని. రెండుసార్లు గెలిచాను.

హోస్ట్: పదకొండులో రెండు!

అతిథి: యూనివర్సిటీ కమిటీల్లో అది మంచి స్కోరే.

హోస్ట్: ఇంకో అనుమానం. ఇంతా చేస్తే ఎవరి పేరు మీద పెట్టామో వాళ్ళు గుర్తుంటారా?

అతిథి: ఉండరు, ఎక్కువసార్లు. ప్రభుత్వం మార్కెట్‌లో జోక్యం చేసుకోకూడదనే వాదానికి కాలం చెల్లిందంటూ కీన్స్ 1926లో వేసిన చిన్న పుస్తకం అందరికీ తెలుసు. దానికి మూలం 1924లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన ఇచ్చిన సిడ్నీ బాల్ స్మారకోపన్యాసం. సిడ్నీ బాల్ ఎవరని అడిగితే ఎకనామిక్స్ వాళ్ళే తెల్లమొహం వేస్తారు. పుణెలో గోఖలే ఇన్‌స్టిట్యూట్ ఏటా కాలే స్మారకోపన్యాసం జరుపుతుంది. 1939 జనవరి 29న అంబేడ్కర్ అక్కడే మాట్లాడారు, బ్రిటిష్‌వాళ్ళు తెచ్చిన 1935 భారత ప్రభుత్వ చట్టంలోని ఫెడరేషన్ మీద. ఆ ప్రసంగం ఈరోజుకీ చదువుతున్నారు. కాలే గారు ఆ సంస్థకి డబ్బిచ్చిన దాత. ఆయన్ని ఎంతమంది తలుచుకుంటారు?

హోస్ట్: మన డిపార్ట్‌మెంట్ ఉపన్యాసాలు ఏమయ్యాయి? పుస్తకాలు వేశారా?

అతిథి: నిధి తగ్గాక మొదట ఆపేసింది అదే. నేను వచ్చే నాటికే పుస్తకాలు లేవు. కానీ క్యాసెట్లు ఉన్నాయి. ఎవరో పుణ్యాత్ముడైన అటెండర్ ప్రతి ఏడూ టేప్‌రికార్డర్ పెట్టేవాడట. స్టోర్ రూమ్‌లో ఒక బీరువా అడుగు అరలో 19 క్యాసెట్లు దొరికాయి. రిటైర్ అయ్యేటప్పుడు రాయించుకుని ఇంటికి తెచ్చుకున్నాను. రెండింటి మీద లేబుళ్ళు చెరిగిపోయాయి.

హోస్ట్: విన్నారా?

అతిథి: మూడు విన్నాను, ప్లేయర్ పాడయ్యేదాకా. మొదటి ఏడాది దాంట్లో ఆ ప్రొఫెసర్ గారి సహాధ్యాయి ఒకాయన మాట్లాడారు. మధ్యలో ఆగి, "ఈ విషయంలో వాడు నాతో ఒప్పుకునేవాడు కాదు, ఎందుకో చెప్తాను" అని పావుగంట స్నేహితుడి తరఫున తనతో తనే వాదించారు. మేం ఏటా చదివిన ఆ పేరా కంటే ఆ పావుగంటలోనే ఆయన నాకు బాగా తెలిశారు.

హోస్ట్: మేడమ్, నా దగ్గర క్యాసెట్ డెక్ ఉంది. కంప్యూటర్‌లోకి ఎక్కించవచ్చు.

అతిథి: పనిచేస్తుందా అది?

హోస్ట్: బెల్ట్ మార్చాలి. వారం పడుతుంది.

అతిథి: ఆ మొదటిది మాత్రం రెండు కాపీలు తియ్యి. ఒకటి ఆయన కూతురికి పంపాలి.