గస్తీ విమానం దిగిన పైలట్‌కు ఒడ్డున ఏం పని?

నమస్కారం. నౌకాదళంలో గస్తీ విమానం నడిపిన అధికారిని కొన్నేళ్లకు లైజన్ ఆఫీసర్‌గా, అంటే నౌకాదళానికీ ఒడ్డునున్న శాఖలకూ ఊళ్లకూ మధ్య సమన్వయం చూసే అధికారిగా వేస్తే, మన కోనసీమలో చుట్టాలు ముందుగా అనే మాట: "పాపం, పక్కన పెట్టేశారు." ఈ మాటతో నాకు పేచీ ఉంది.

అతను ఎక్కడిదాకా వెళ్లి వచ్చాడో చూడండి. కేరళలోని ఎళిమల నౌకాదళ అకాడమీ, దుండిగల్‌లో విమాన శిక్షణ, ఆపైన కొచ్చిలో డోర్నియర్ అనే గస్తీ విమానం. 2019 డిసెంబరులో శివాంగి నౌకాదళ తొలి మహిళా పైలట్ అయినది ఈ డోర్నియర్ మీదే. తర్వాత విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగ, లేదా 2013 నుంచి పీ-8ఐ అనే పెద్ద గస్తీ విమానాలున్న తమిళనాడులోని అరక్కోణం.

గస్తీ అంటే ప్రధానంగా చూడటమే. మధ్యాహ్నపు ఎండకు నీళ్లు తళతళలాడుతుంటే కళ్లు నిలవవు. పెద్ద ఓడలు రాడార్‌కు దొరుకుతాయి. ఇంజను ఆగి కొట్టుకుపోతున్న ఫైబర్ పడవ సులువుగా దొరకదు. అలల నురగలో కలిసిపోతుంది. దాన్ని వెతికినవాడికే ఒడ్డు నుంచి ఎలాంటి సమాచారం రావాలో తెలుస్తుంది.

భైరవపాలెం దగ్గర గోదావరి సముద్రంలో కలిసే మొగ దాటి వెళ్లిన పడవ తిరిగి రాలేదనుకుందాం. ఊళ్లో సరంగు, అంటే పడవ నడిపే పెద్ద, "ముప్పై బారల నీళ్లలో వల వేశాం, మొగ నుంచి మూడు గంటల దారి" అంటాడు. విమానానికి కావలసింది అక్షాంశం, రేఖాంశం. ముప్పై బారలంటే సుమారు 55 మీటర్ల లోతు. చార్టులో ఆ లోతు గీత పట్టుకుని, పడవ వేగాన్ని బట్టి చోటు అంచనా కట్టి, అప్పటి నుంచి గాలి, నీటివాలు ఎటు లాగి ఉంటాయో లెక్కవేయాలి. సరంగు మాటను తేలిగ్గా తీసుకునే అధికారి ఈ లైజన్ కుర్చీకి పనికిరాడు. ఇది నా గట్టి అభిప్రాయం.

2008 ముంబయి దాడుల తర్వాత, 2009లో సముద్ర భద్రత మొత్తం బాధ్యత నౌకాదళానికి వచ్చింది. కోస్ట్ గార్డ్, మెరైన్ పోలీసులు, మత్స్యశాఖ, అందరినీ ఒక తాటి మీదికి తేవాలి. పైగా మన దగ్గర గాడిమొగ, ఓడలరేవులకు గ్యాస్ వచ్చే కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ ఉంది. సముద్రంలో గ్యాస్ తీసే ప్లాట్‌ఫారాల చుట్టూ 500 మీటర్ల వరకు పడవలు రాకూడదు; చేపలేమో అక్కడే చేరతాయి. ఆ తగవు తుపాకీతో తీరేది కాదు, ఊళ్లోకి వెళ్లి కూర్చుని మాట్లాడాలి. గురుగ్రామ్‌లో 2018లో మొదలైన సముద్ర సమాచార కేంద్రంలోనైతే మిత్రదేశాల లైజన్ ఆఫీసర్లే కూర్చుంటారు.

1996 నవంబరు 6 తుపానుకు వేటకెళ్లిన మనవాళ్లలో ఎందరో తిరిగి రాలేదు. అందుకే ఈ ఉద్యోగాన్ని చిన్నచూపు చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

పడవ ఆలస్యమైతే తెల్లారేదాకా ఆగకండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఎందరున్నారు, ఎన్ని బారల్లో వేట, చివరి ఫోను ఎప్పుడు వచ్చిందో చెప్పండి. పడవ రంగు కూడా మరవకండి, పైనుంచి వెతికేవాళ్లు దాన్నే చూస్తారు.