కొండ దిగితే విశాఖే

శ్రోతలకు నమస్కారం.

ఆషాఢ పౌర్ణమికి లక్షలమంది సింహాచలం గిరిప్రదక్షిణ చేస్తారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా 32 కిలోమీటర్ల నడక. ఆ రోజుల్లో దారి పక్కన అమ్మే అనాస పళ్ళు చాలావరకు ఈ కొండల మీద పండినవే. ఇక్కడి కొండల మీద పట్టుమని యాభై గడపలు లేని ఊళ్ళున్నాయి. అరుగు మీద కూర్చుంటే విశాఖ దీపాలు కనిపిస్తాయి. దిగడానికి మాత్రం కాలిబాటే.

అనాస నాటితే కాపుకు ఏడాదిన్నర పడుతుంది. పనస చెట్ల నీడలో పెంచుతారు. కోతకు దిగితే ఆకుల అంచులకు మోచేతుల దాకా గీరుకుపోతుంది. దోరకాయలను తొడిమతో కోసి, తట్టల్లో పేర్చి, కావిడి భుజానికెత్తుకుని తెల్లవారుజామునే బయలుదేరతారు. అసలే వానలు, ఎర్రమట్టి జారుతుంది. తీరా కిందికొచ్చాక బేరం. అమ్ముడుపోని సరుకును మళ్ళీ కొండెక్కించలేరు. ఆ సంగతి కొనేవాడికి తెలుసు. అందుకే అతను చెప్పిందే ధర. దారి లేని ఊరికి నడక ఒక్కటే కష్టం కాదు, పంట రేటూ పడిపోతుంది.

జబ్బు చేస్తే డోలీయే గతి. 108 బండి రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. నిండు నెలల మనిషి ఉన్న ఇంట్లో వానాకాలమంతా టెన్షనే.

మరి రోడ్డు వేసేయొచ్చు కదా అంటారు. కానీ ఈ కొండల్లోని కంబాలకొండ దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. ఆ వాలు మీద కురిసిన వానే ముడసర్లోవ జలాశయంలోకి దిగుతుంది. వెడల్పాటి రోడ్డు పడితే వెనకాలే లేఅవుట్లు వస్తాయన్న భయం నాకూ ఉంది.

కానీ 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. బడి, తాగునీటి గొట్టాలు, రోడ్డు లాంటి పనులకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. అభయారణ్యమైతే మరికొన్ని అనుమతులు కావాలి. ఆటో పట్టేంత సిమెంటు బాట, పక్కన వాననీటి కాలువ, మలుపుల్లో రాతి గోడ ఉంటే చాలు.

అయితే నగరంలో కలిసిన కొండ ఊరికి పంచాయతీ ఉండదు. మరి ఆ గ్రామసభ ఎవరు పెట్టాలి, కాగితం ఏ ఆఫీసుకు పంపాలి? చిక్కంతా అక్కడే. మన విశాఖలో రిటైరైన రెవెన్యూ ఉద్యోగులు, ప్లీడర్లు, మాస్టార్లు ఎంతోమంది ఉన్నారు. ఆ కాగితాలు రాయగలిగినవాళ్ళు ఈ ప్రసంగం వింటుంటే, దయచేసి వానలు పడకముందే ఒక ఆదివారం కొండెక్కండి.

నమస్కారం.