అద్దె పాటలు ఖాళీ చేసినవాళ్లు ఎక్కడికి పోతున్నారు?

నమస్కారం. మొన్న సంక్రాంతికి కారులో ఊరు బయలుదేరాం. బండి నేను నడుపుతున్నాను, పక్కన నాన్న, వెనక అమ్మ, పిల్లలు. దారిలో వినడానికని వారం ముందే కూర్చుని, నెలనెలా చందా కట్టే పాటల యాప్‌లో ఏరి ఏరి నూట యాభై పాటలు ఫోనులో డౌన్‌లోడ్ చేసి పెట్టాను. నందిగామ దాటి పక్కదారి పట్టాక చూస్తే పాటలన్నీ బూడిదరంగులోకి మారిపోయి ఉన్నాయి. ఏది నొక్కినా కదలదు. సంగతి ఏమిటంటే, నా బ్యాంకు కార్డు గడువు తీరిపోయింది, నెల చందా దానంతట అది కట్టుబడలేదు, పాటలకు తాళం పడింది. పాటలు ఫోనులోనే ఉన్నాయి సుమా. నా ఫోను, నా మెమరీ, నా డేటా ఖర్చుపెట్టి దింపుకున్న పాటలు. తాళంచెవి మాత్రం యాప్‌వాళ్ల దగ్గర ఉంది.

నాన్న ఏమీ అనకుండా ముందున్న అర తెరిచి ఒక పెన్‌డ్రైవ్ తీశారు. దాని మీద తెల్ల ప్లాస్టరు, ప్లాస్టరు మీద బాల్‌పెన్నుతో 'పాతవి' అని రాసి ఉంది. పదేళ్ల కిందట తెనాలిలో ఒక మొబైల్ దుకాణంలో ఏడు వందల పాటలు ఎక్కించుకున్నారట. "ఇది పెట్టి చూడరా" అన్నారు. పెట్టాను. మూడు సెకన్లలో ఘంటసాల గొంతు వినిపించింది. లాగిన్ అవమని ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి ఊళ్లో మేడ మీద పడుకుని ఒకటే ఆలోచించాను. నెలనెలా డబ్బు కడుతున్న నేను మాట్లాడకుండా కూర్చున్నాను, పదేళ్ల కిందట ఒక్కసారి ఏదో కొంత ఇచ్చిన నాన్న పాట వింటున్నారు. ఇందులో తెలివైనవాడు ఎవరు?

పాటల యాప్‌లు వదిలేస్తున్నవాళ్లను అడిగితే చాలామంది ముందు ధర గురించి చెబుతారు. నాకు అది పైకి చెప్పే కారణంలాగే అనిపిస్తుంది. నెలకు వంద, నూట యాభై అంటే రెండు బిర్యానీలు కూడా రావు. మనిషికి నిజంగా కాలేది వేరే చోట. ఇంత కాలం కట్టినా మన చేతికి ఏమీ మిగలదు. అద్దె ఇల్లు అనుకోండి. పదేళ్లు అద్దె కట్టాక ఇల్లు మనది కాదని అందరికీ తెలుసు. కానీ అద్దె ఇంట్లో మనం కొనుక్కున్న మంచం మనదే కదా, ఖాళీ చేసినప్పుడు వెంట తీసుకెళ్తాం. ఇక్కడ మంచమూ వాళ్లదే. ఏళ్ల తరబడి కూర్చుకున్న ప్లేలిస్టు కూడా అక్కడే వదిలి రావాలి. డౌన్‌లోడ్ అన్న మాటకు కూడా ఇక్కడ అర్థం వేరు. స్పాటిఫై అనే యాప్‌లో డౌన్‌లోడ్ చేసిన పాటలు నిలవాలంటే చందా కడితే చాలదు, కనీసం 30 రోజులకు ఒకసారి ఫోను ఇంటర్నెట్‌కు కలపాలి. అంటే నెలకోసారి వెళ్లి హాజరు వేయించుకు రావాలన్నమాట.

ఇంటి యజమాని ఖాళీ చేయమనడం ఒక రకం. ఇల్లే కూలిపోతే? మన దేశంలో అదీ చూశాం. ఎయిర్‌టెల్ 2014లో మొదలుపెట్టిన వింక్ మ్యూజిక్‌ను 2024లో మూసేసింది. అదే ఏడాది జనవరిలో రెస్సో కూడా మన దేశంలో దుకాణం కట్టేసింది. గానా కథ ఇంకా విచిత్రం. 2010లో పుట్టింది, ఏళ్ల తరబడి ఉచితంగా పాటలు వినిపించింది, 2022లో చందా కడితేనే వినిపిస్తానంది. 2023 చివరికి వచ్చేసరికి రేడియో మిర్చి నడిపే కంపెనీ దాన్ని కొనుక్కుంది. ధర ఎంతనుకుంటున్నారు? 25 లక్షల రూపాయలు. ఆ డబ్బుకు హైదరాబాద్‌లో రెండు పడకగదుల ఫ్లాట్ చూపించమంటే బ్రోకరు నవ్వుతాడు.

సరే, ఇల్లు నిలబడే ఉంది. లోపల సామాను మాయమైతే? స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చింది. రెండు నెలలు తిరగకుండానే సరిగమ కంపెనీతో లైసెన్సు గొడవ ఢిల్లీ హైకోర్టుకు ఎక్కి, ఆ కంపెనీ పాటలన్నీ తీసేయాల్సి వచ్చింది. సరిగమ అంటే ఒకప్పటి హెచ్.ఎం.వి. గ్రామఫోను ముందు కుక్క కూర్చున్న బొమ్మ గుర్తుందా, అదే. మన పాత తెలుగు పాటల ఖజానాలో పెద్ద భాగం వాళ్ల పెట్టెలోనే ఉంది. ఆ పాటలు మళ్లీ రావడానికి 2020 దాకా ఆగాలి. 2023 మార్చిలో జీ మ్యూజిక్‌తో బేరం కుదరక బోలెడు హిందీ పాటలు ఇలాగే పోయాయి. ఏనుగులు పోట్లాడుకుంటే నలిగేది గడ్డి. అదే ఏడాది అక్టోబరులో, డబ్బు కట్టకుండా వినేవాళ్లకు మన దేశంలో స్పాటిఫై కొత్త కట్టుబాట్లు పెట్టింది. కావలసిన వరుసలో పాటలు వినకూడదు, వెనక్కి జరపకూడదు అంది. పల్లవిలో ఒక గమకం నచ్చి మళ్లీ విందామంటే వీల్లేకుండా పోయింది. ఉచితంగా ఇచ్చేవాడికి షరతులు పెట్టే హక్కు ఉంది, కాదనను. కానీ పాట వినే మనిషి ఎలా వింటాడో తెలిసినవాడు పెట్టే షరతు కాదది.

ఇవన్నీ అందరికీ ఉన్న బాధలు. తెలుగు పాటలు వినేవాళ్లకు ఇంకొన్ని అదనం. పాట పేరు ఇంగ్లిషు అక్షరాల్లో వెతకాలి. 'ళ'కు ఒక ఎల్లా రెండు ఎల్లులా, దీర్ఘానికి రెండు ఏలు పెట్టాలా, 'చ'కు సీ తర్వాత హెచ్ ఒకటా రెండా, అది ఎక్కించినవాడి మూడ్‌ను బట్టి ఉంటుంది. ఒకే సినిమా పేరు మూడు స్పెల్లింగులతో మూడు చోట్ల ఉంటుంది. ఇళయరాజా పాట ఒకటి పెట్టి వంట చేసుకుంటూ ఉంటే, రెండో పాటకల్లా అదే బాణీ తమిళంలో మొదలవుతుంది. తమిళ పాటలంటే నాకు ఇష్టమే, కానీ నేను అడిగింది అది కాదు. 1960ల నాటి పాట పెడితే, దాని వెంట దాన్నే నెమ్మదిగా సాగదీసి బావిలో నుంచి పాడినట్టు చేసిన కొత్త రూపం వస్తుంది. ఇక పాట రాసిన కవి పేరు? చాలా పాటల దగ్గర సంగీత దర్శకుడి పేరూ గాయకుల పేర్లూ కనిపిస్తాయి, కవిని మాత్రం వెతుక్కోవాలి. పాత క్యాసెట్టు అట్ట మీద చీమంత అక్షరాలతోనైనా 'రచన' అని ఒక వరుస ఉండేది.

ఇప్పుడు బయట దేశాల సంగతి కాస్త చూద్దాం. అక్కడ వదిలేసేవాళ్ల కారణాలు వేరు. 2022 జనవరిలో నీల్ యంగ్ అనే పెద్ద గాయకుడు, స్పాటిఫైలోని ఒక పాడ్‌కాస్టు కోవిడ్ టీకాల మీద తప్పుడు మాటలు ప్రచారం చేస్తోందని తన పాటలన్నీ వెనక్కి తీసుకున్నాడు. 2024లో తిరిగి వచ్చాడు, అది వేరే కథ. 2025లో స్పాటిఫై స్థాపకుడు డానియెల్ ఏక్ పెట్టుబడి సంస్థ, హెల్సింగ్ అనే యుద్ధ సాంకేతిక కంపెనీలో 60 కోట్ల యూరోల పెట్టుబడికి ముందు నిలిచింది. మా పాటల మీద వచ్చిన డబ్బు ఆయుధాలకు పోవడం ఏమిటని కింగ్ గిజర్డ్, మాసివ్ అటాక్ లాంటి బృందాలు బయటికి నడిచాయి. వాళ్ల వెంట కొందరు శ్రోతలూ నడిచారు. ఇక యంత్రం అల్లిన పాటల వరద సరేసరి. ఫ్రాన్స్‌కు చెందిన డీజర్ అనే పాటల యాప్ 2025 నవంబరులో చెప్పిన లెక్క ప్రకారం, పూర్తిగా ఏఐ తయారుచేసిన పాటలు రోజుకు 50 వేల దాకా వచ్చి పడుతున్నాయి. కొత్తగా వచ్చే వాటిలో ఇది మూడో వంతు. చిన్న కళాకారుడికి ఇంకో దెబ్బ ఉంది. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటను ఏడాదిలో కనీసం వెయ్యిసార్లు వినకపోతే దానికి పైసా రాదు.

అయితే అక్కడ వదిలినవాడికి పోవడానికి చోటు ఉంది. బ్యాండ్‌క్యాంప్ అనే సైటులో పాట ఒకసారి కొంటే ఫైలు మీదే. అమ్మకంలో వాళ్లు తీసుకునేది 15 శాతం. 2020లో కరోనా వేళ మొదలుపెట్టి, కొన్ని శుక్రవారాలు ఆ వాటా కూడా వదులుకుంటున్నారు. అమెరికాలో గ్రామఫోను రికార్డులు 2022 నుంచి సీడీలకన్నా ఎక్కువ అమ్ముడవుతున్నాయి. ఆపిల్ 2022లో ఆపేసిన ఐపాడ్‌లను వెతికి కొని, కొత్త బ్యాటరీ, పెద్ద మెమరీ వేయించుకుని వాడేవాళ్లున్నారు. ఇదంతా చూసి స్ట్రీమింగ్, అంటే యాప్‌లలో పాటలు వినడం, దాని పని అయిపోయిందని మాత్రం అనుకోకండి. అమెరికాలో పాటల కంపెనీల ఆదాయంలో ఇప్పటికీ ఐదింట నాలుగు వంతులకు పైగా అక్కడినుంచే వస్తోంది. వదిలేవాళ్లు పిడికెడు మందే. కాకపోతే ఆ పిడికెడు మందికీ కొనుక్కోవడానికి ఒక అంగడి ఉంది.

మనకు ఆ అంగడి దాదాపు లేనట్టే.

ఒక తెలుగు శ్రోత డబ్బు చేత్తో పట్టుకుని, 'ఈ పాట నాకు శాశ్వతంగా కావాలి, ధర చెప్పండి' అని బయలుదేరాడనుకోండి. ఎక్కడికి వెళ్లాలి? 2012 ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్ట్ వాళ్లు ఫ్లైట్ అని ఒక ఆన్‌లైన్ పాటల దుకాణం తెరిచారు. పాటకు ఆరు రూపాయలు మొదలుకొని ధరలు ఉండేవి. కొన్న ఎంపీ3 మీదే, ఎక్కడైనా వాయించుకోండి అన్నారు. 2013 జూన్‌లో మూసేశారు. ఉచితంగా దించుకునే సైట్లు వీధికొకటి ఉన్న రోజులవి, పైగా ఆరు రూపాయలు ఆన్‌లైన్లో కట్టడం అప్పట్లో ఒక ప్రహసనం. ఇప్పుడు టీ కొట్టు దగ్గర పది రూపాయలు కూడా ఫోనులోనే కడుతున్నాం. కట్టే దారి వచ్చింది, అమ్మేవాడు వెళ్లిపోయాడు. కొత్త సినిమా పాటల సీడీని దుకాణంలో చూసి ఎన్నేళ్లయిందో మీరే గుర్తు చేసుకోండి.

అందుకే మన దగ్గర యాప్ వదిలిన మనిషి ముందుగా వెళ్లేది యూట్యూబ్‌కు. ఆడియో కంపెనీలే సినిమా పాటలన్నీ వరసగా గుచ్చి జూక్‌బాక్స్ అని పెడుతున్నాయి కదా. తెర ఆర్పితే పాట ఆగుతుంది, మధ్యలో ప్రకటన అరుస్తుంది, అయినా జనం అక్కడే ఉన్నారు. నన్నడిగితే అది వదిలేయడం కాదు, వీధి మారడం. ఇంటి యజమాని ఇంకో పెద్దాయన, అంతే.

నిజంగా బయటపడినవాళ్లు నాకు వేరే చోట్ల కనిపించారు. దమ్ము చేసే ట్రాక్టరు మీద, లారీ క్యాబిన్‌లో, పెళ్లి బస్సులో పెన్‌డ్రైవ్ ఇంకా రాజ్యం ఏలుతోంది. ఇంట్లో పెద్దవాళ్ల మంచం పక్కన కార్వాన్ కనిపిస్తోంది. ఇది కూడా సరిగమ వాళ్లదే. 2017లో ఐదు వేల హిందీ పాటలు నింపి, పాతకాలపు ట్రాన్సిస్టరు రూపంలో తెచ్చారు. తర్వాత తెలుగు కార్వాన్ కూడా వచ్చింది. పాస్‌వర్డు లేదు, చందా లేదు, గుండ్రటి మీట తిప్పితే పాట వస్తుంది. ఒక రకంగా చూస్తే కంపెనీయే ఒప్పుకున్నట్టు కదా, పాటను వస్తువుగా చేతిలో పెడితే జనం డబ్బు ఇస్తారని. ఇక మా అమ్మలాంటివాళ్లు ఈ గొడవల్లోకి రానేలేదు. 1957లో పుట్టిన వివిధ భారతి ఆమెకు చాలు. తర్వాత ఏ పాట వస్తుందో తెలియకపోవడమే ఆమెకు ఇష్టం.

కుర్రవాళ్లలో కొంచెం సాంకేతికం తెలిసినవాళ్లు ఇంకో పని చేస్తున్నారు. మూలన పడిన పాత ల్యాప్‌టాప్‌లో నావిడ్రోమ్, జెల్లీఫిన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, తమ పాటలు తామే ఇంటి నుంచి ఫోనుకు రప్పించుకుంటున్నారు. అంత ఓపిక లేకపోతే మ్యూజికోలెట్ అని మన దేశంలోనే తయారైన ప్లేయర్ ఒకటి ఉంది. ఫోనులో ఉన్న ఫైళ్లను వాయిస్తుంది, ఇంటర్నెట్ అడగదు, ప్రకటనలు ఉండవు. వాళ్లేమీ నాకు డబ్బు ఇవ్వలేదు, నేను వాడుతున్నాను కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు అసలు ఇరకాటానికి వస్తాను. నాన్న పెన్‌డ్రైవ్‌లోని ఏడు వందల పాటల్లో ఒక్కదానికీ పాట కట్టినవాళ్లకు, రాసినవాళ్లకు డబ్బు చేరలేదు. దుకాణంవాడు ఎక్కించాడు, డబ్బు జేబులో వేసుకున్నాడు. ఫైలు పేర్ల చివర ఎప్పుడో మూతపడిన ఏవో వెబ్‌సైట్ల పేర్లు తోకల్లా ఇంకా వేలాడుతున్నాయి. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, సినిమాహాలు బయట పాట ఎక్కడ వినియోగమైనా రాయల్టీలో కవికీ సంగీత దర్శకుడికీ వాటా ఉండాలని, ఆ హక్కును వాళ్ల చేత రాయించుకుని లాగేసుకోవడం కుదరదని స్పష్టం చేశారు. ఎంతో పోరాడితే వచ్చిన సవరణ అది. యాప్‌లో వింటే ఆ వాటా ఎంత చిన్నదైనా లెక్కలోకి ఎక్కే దారి ఉంది. పెన్‌డ్రైవ్‌లో సున్నా. కాబట్టి పెన్‌డ్రైవ్ జిందాబాద్ అని నేను అనలేను. అమ్మే దుకాణం దాదాపు లేకుండా చేసి, దొంగతనం తప్పని మనకు పాఠం చెబితే దాన్నీ పూర్తిగా మింగలేను.

నేను చేసింది చెబుతాను. అటక మీది నుంచి పాత సీడీల పెట్టె దించాను. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీడీ పెట్టే చోటే లేదు కాబట్టి విడిగా ఒక సీడీ డ్రైవ్ కొన్నాను. ఒక్కో సీడీనీ ఫ్లాక్ ఫైళ్లుగా మార్చుకున్నాను. సీడీలో నిమిషం పాటకు సుమారు పది ఎంబీలు పడతాయి. ఫ్లాక్‌లోకి మారిస్తే నాణ్యత ఏమీ పోకుండా దాదాపు సగానికి వస్తుంది. కొన్ని సీడీలు బూజు పట్టి చదవలేదు. చదివినవాటికి సినిమా పేరు, కవి పేరు, ఏడాది తెలుగులోనే టైపు చేశాను. నాలుగు ఆదివారాలు పట్టింది. నా చందా మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు. కొత్త పాటలు యూట్యూబ్‌లోనే వింటున్నాను, ఆ మాట దాచను. ఆదివారం సంతల్లో పాత సీడీలు కనిపిస్తే ఇప్పుడు వంగి చూస్తున్నాను.

ఒక్క పాట మాత్రం దొరకలేదు. నాన్న పెన్‌డ్రైవ్‌లో అది రెండో చరణం మధ్యలో ఠక్కున తెగిపోతుంది, ఎక్కించేటప్పుడు ఫైలు సగమే వచ్చినట్టుంది. ఏ రంగస్థల పద్యంలోనుంచో వచ్చినట్టుండే పాట. యాప్‌లలో వెతికాను, లేదు. యూట్యూబ్‌లో వెతికాను, అదే తెగిన ముక్క ఇంకెవరో పెట్టి ఉన్నారు. ఊరి నుంచి తిరిగి వస్తుంటే కారులో మళ్లీ ఆ పాట వచ్చింది. తెగే చోటు దగ్గర పడుతుంటే నాన్న కిటికీ అద్దం పైకెత్తారు, గొంతు సవరించుకున్నారు. పాట ఆగిపోయింది, మిగతా చరణం ఆయన పాడేశారు. పిల్లలు ఆ పాట అలాగే ఉంటుందనుకుంటున్నారు.